లిదియమ్మ, సెలవు మీదొచ్చే జవాన్లు

ఏందే బిడ్డా, గట్ల తొంగి తొంగి చూస్తున్నవ్? గా తాళమేసిన ఇల్లా? గది లిదియమ్మ ఇల్లు. నువ్వు కిరాయికి దిగి నెల గాలే, నీకెట్ల ఎర్కైతది తియ్. కూసో, గీ పీటేస్కో. చాయ్ పొయ్యాల్నా? వద్దా, సరే. లిదియమ్మంటే మన పెర్కిట్ దిక్కోళ్ల బిడ్డెనే, కిరస్తానపోళ్లు. నల్లగ, పొడుగ్గ, నెత్తికి మస్తు నూనె పెట్టి గట్టిగ జడేస్తుండె. పెనిమిటి దానియేలు మిలిటరీల డ్రైవరు. గాయన ఎంబడి ఉత్తరదేశమంత తిరిగింది, పటాలపోళ్ల క్వార్టర్లల్ల ఉన్నది, హిందీ గడగడ మాట్లాడుతుండె. ఓపాలి కొండల్ల బండి బోల్తా కొట్టి దానియేలు పాయె. పిల్లల్లేరు. గప్పుడు, ఇందిరమ్మ సచ్చిపోయిన ఏడే అనుకుంట, ఒక్క ఇనుప పెట్టె పట్టుకొని గీడికొచ్చింది. గా సందుల ఓ డాక్టరు చిన్న దవాఖాన నడుపుతుండె, అండ్ల కట్లు కట్టే పనికి కుదిరింది. నేనేమో గీ అరుగు మీద కూసోని బీడీలు చుడుతుంటి. డ్యూటీ దిగంగనే నా పక్కకొచ్చి కూసునేది. ఆమెకొక్కటే అలవాటు బిడ్డా, అడుగుడు. "మంగవ్వా, గీ ఆకు ఏ అడివిలకెల్లి వస్తది? గీ చిన్న కత్తెర ఎవలు చేస్తరు? ఎడమ చేతితోని చుట్టెటోళ్లు ఉండరా?" నా పానం దీస్తుండె. నాకేం ఎర్క? నాకు రోజుకు చుట్టాల్సినయి చుట్టుడే ఎర్క.

ఓనాడొచ్చి, "మంగవ్వా, నాకో ముచ్చట సమజైతలేదు" అన్నది. ఏందే అన్న. "వేల్పూర్ దిక్కుకెల్లి, మోర్తాడ్ దిక్కుకెల్లి ఆడోళ్లు దెబ్బలతోని వస్తున్నరు. ఒకామె పసుపు ఉడకవెట్టే కాడ కాలు జారిన్నంటది. ఇంకొకామె బర్రె తన్నిందంటది. మొగడేం చేస్తడంటే మిలిటరీ అంటది. గా బర్రె ఏడాదంత సల్లగుండి, మొగడు సెలవు మీదొచ్చినప్పుడే ఎందుకు తంతది?" నేను నవ్విన. నవ్విన గని, చేతిల బీడీ చేతిలనే ఆగిపాయె. ఎందుకంటవా? అందరికీ ఎరుకున్న ముచ్చటనే అది, అడిగెటోళ్లే లేరు. గప్పట్ల మిలిటరోడు సెలవు మీదొస్తే ఊర్లె పండుగుండేది. బస్సు మీదికెల్లి నల్ల పెట్టె దించుడు, పిల్లలు ఎంబడి ఉరుకుడు. పెట్టెల రమ్ము సీసలుండేటియి గద, పెద్దమనుషులకు తలా ఒకటి పంచుతుండ్రి. గా సీస తాగినోడు మల్ల వాన్ని ఏమన్న అంటడా? "మంచుల నిలవడి దేశాన్ని కాస్తున్నడు, ఇంటికొస్తే జర కోపమొస్తది. ఆడిదే ఓర్సుకోవాలె" అందురు. ఠాణకు పోతే ఆడి జమేదారు, "మిలిటరోళ్ల పంచాది మాకు రాదవ్వా, పటాలంల చెప్పుకో" అనె. పటాలమేడుందో ఆ ఆడోళ్లకు ఎర్కనా? ఉత్తరాదిల ఏడ్నో ఉందంటరు. ఇగ ఏడికి పోతరు, ఇంటికే.

గిట్లుండంగ శాంతవ్వ వచ్చింది. వేల్పూర్ అవతల చిన్న పల్లె. పసుపు తవ్వే కాలం, ఊర్లన్ని పచ్చటి ఆవిరి వాసన. భుజం కీలు తప్పింది. మూడేండ్ల బిడ్డె కొంగు వట్టుకొని నిలవడ్డది. డాక్టరు కీలు ఎక్కిచ్చి బయటికి పోయిండు, లిదియమ్మ కట్టు కట్టవట్టె. ఊకుండలేని మనిషి గద, గా దినం మాత్రం ఒక్క మాట అడగలే. చాయ్ దెచ్చి ఇచ్చింది, పిల్లకు బిస్కీట్ ఇచ్చింది, పక్కకు కూసుంది. శాంతవ్వ చాయ్ తాగింది, గిలాస కింద పెట్టింది, తలుపు దిక్కు జూసింది. చూసి, "సెలవు ఇంక అయిపోలేదమ్మా" అన్నది. గంతే. లిదియమ్మ ఆమెను ఊరికి తోలలే. పిల్లను సంకనేస్కొని గా ఇంటికే తోల్కచ్చింది.

తెల్లారే శాంతవ్వ అన్న, చంద్రయ్య, ఉరికొచ్చిండు. గీ వాకిట్లనే నిలవడి లొల్లి. "ఏమే, మా చెల్లెను ఇంట్లేసుకుంటవా? మా బావ పేరు పటాలంల ఖరాబు చేస్తవా? నౌకరి వోతే నువ్వు సాదుతవా?" గల్లంత బయటికొచ్చింది. ఇగ కొట్లాటైతదని నేను చాట పక్కకు పెట్టిన. లిదియమ్మేమో, "గదే అన్నా, నేను గూడ గదే సోచాయిస్తున్న, రాత్రంత నిద్ర రాలే. కూసో, చాయ్ తాగుకుంట ఇద్దరం సోచాయిద్దాం" అన్నది. చంద్రయ్య కూసున్నడు! నిజంగ కూసున్నడు. తాగుకుంట తాగుకుంట, "పోయినేడు గూడ పన్ను ఇరిగింది దానికి" అని నేల దిక్కు జూసుకుంట చెప్పిండు. అన్నకు ఎర్కేనట బిడ్డా. పోయేటప్పుడు మాత్రం, "నా పేరు రానియ్యకు" అని పోయిండు.

శాంతవ్వ మొగడు, భూమేశ్వర్, నౌకరి సికింద్రబాద్ల. సెలవు తీరి వాడు పోయినంక, కట్టు ఇప్పకముందే, లిదియమ్మ శాంతవ్వను బస్సెక్కిచ్చుకొని ఆడికే పోయింది. పిల్లను నా కాడ ఇడిసిండ్రు. గా ముచ్చట ఇద్దరు చెరొక తీరుగ చెప్తుండ్రి. గేటు కాడ బందూకోడు ఆపిండట, లిదియమ్మ హిందీల మాట్లాడి దానియేలు పేరు చెప్తే లోపలికి పంపిండట. పెద్ద సాబు మంచోడే. కుర్సీలు ఏయిచ్చిండు. ఐతేంది, "మా జవాను డ్యూటీల బంగారం, ఒక్క మచ్చ లేదు" అన్నడట. గప్పుడు లిదియమ్మ, "డ్యూటీల మీరు జూస్తరు సాబ్. సెలవుల ఎవలు చూస్తరు?" అని అడిగింది. ఎక్కిరిచ్చి అడుగలే, నిజంగనే తెల్వక అడిగినట్టు అడిగింది. సాబు తన పెండ్లాన్ని పిలిపిచ్చిండు. ఆమెకు తెలుగు రాదు, శాంతవ్వకు హిందీ రాదు. ఇద్దర్ని ఓ అర్రల కూసోపెట్టిండ్రు. మాటలేమున్నయి? శాంతవ్వ లేసి తలుపేసి, ఈపు దిక్కు కొంగు దించి నిలవడ్డదట. గా మేమ్‌సాబు చెయ్యి ఈపు మీదికి వచ్చి ముట్టకుండనే ఆగిందట. బయటికి పోయి మొగనితోని ఏందో చెప్పింది. ఏం చెప్పిందో, గా భాష శాంతవ్వకు తెల్వది. గని సాబు మొకం మారిందని మాత్రం చెప్తుండె.

ఇగ భూమేశ్వర్‌ని పిలిపిచ్చిండ్రు. బట్టలు ఇస్తిరి చేసి, బూట్లు మెరుసుకుంట వచ్చి నిటారుగ నిలవడ్డడు. శాంతవ్వ నాకు చెప్తుండె చూడు, "చిన్నమ్మా, వాడు వణుకుడు గా దినమే జూసిన. అందరు జూస్తుంటే వాడు గిట్లుంటడా అనుకున్న." సాబు ఆమెను అడిగిండు, నీకేం కావాలె, వీని నౌకరి తియ్యాల్నా అని. లిదియమ్మ తెలుగుల చెప్పింది. శాంతవ్వ సోచాయించి, "నౌకరి ఉండాలె. నాకు, పిల్లకు వచ్చేది నా చేతికే రావాలె. నేనిగ ఆ ఇంట్ల ఉండ" అన్నది. గట్లనే అయ్యింది. జీతంలకెల్లి కొంత పటాలపోళ్లే పట్టి ఆమెకు పంపుదురు. ఊర్లె మస్తు తిట్టిండ్రు అనుకో, లిదియమ్మ ఇంటి గూనపెంకల మీద రాళ్లు గూడ పడ్డయి. ఒకటి మా కోళ్లగూట్ల పడ్డది, గుడ్లు పలిగినయి, నేను గూడ తిట్టిన.

ఓనాడు అడిగిన నేనే. "దానియేలు నిన్ను కొట్టేదా?" అని. పకపక నవ్వింది. "దానియేలా! కోడిని కొయ్యాల్నంటే పక్కింటోన్ని పిలుస్తుండె" అన్నది. మరెందుకే నీకు గీ లొల్లంత అంటే, "ఏమో మంగవ్వా, నాకు గూడ సమజైతలేదు" అన్నది. నేను నమ్మలే. ఇంకేదో ఉండే ఉంటది అనుకున్న. ఏముండెనో.

మల్ల ఏడు భూమేశ్వర్ సెలవు మీదొచ్చిండు. పట్టపగలే గా వాకిట్లకొచ్చి నిలవడ్డడు. లిదియమ్మ కుర్సీ ఏసింది, నీళ్లిచ్చింది. "ఎందుకు కొడ్తవ్ అయ్యా?" అనడిగింది, బువ్వ తిన్నవా అన్నట్టు. వాడు నీళ్లు తాగి, "ఊరంత నన్ను సార్ అంటది. అది నన్ను చూస్తే తలుపు చాటుకు పోతది. నాకు పిచ్చిలేస్తది" అన్నడు. "కొట్టకముందు పోయేదా, కొట్టినంక పోయిందా?" అన్నది లిదియమ్మ. గప్పుడు శాంతవ్వనే లోపలికెల్లి వచ్చింది బిడ్డా. "పిల్లను చూడాల్నంటే ఆదివారం చర్చి వాకిట్లకు రా, అందరి ముందట చూస్కో. గీడికి రాకు" అన్నది. వచ్చిండా అంటవా? వచ్చిండు. సెలవుల ప్రతి ఆదివారం వచ్చి, పిల్లను ఒళ్లె కూసోపెట్టుకొని బటానీలు ఇస్తుండె. మారిండా? ఏమో బిడ్డా. మల్ల కలిసైతే ఉండలే. శాంతవ్వ గీడనే ఉన్నది, సేటు గోదాంల పసుపు ఏరే పని పట్టింది, ఎవలన్న అసొంటి ఆడోళ్లొస్తే లిదియమ్మ ఎంబడి తోడు పోతుండె. మస్తు మంది వచ్చిండ్రు. కొందరు మల్ల మొగని కాడికే పోయిండ్రు. పోతనంటే లిదియమ్మ ఆపకపోతుండె, బస్సు దాంక పోయి ఎక్కిచ్చొస్తుండె.

తొంభై ఆర్ల షుగర్ ఎక్కువై, కాలికి పుండై, లిదియమ్మ పాయె. గామెను బొంద పెట్టినంక వారం గూడ గాలే, బాల్కొండ దిక్కుకెల్లి ఒక పిల్ల పసిగుడ్డును పట్టుకొని వచ్చి, "లిదియమ్మ ఉన్నదా?" అన్నది. లేదు బిడ్డా అని చెప్తే గా మెట్టు మీద కూలవడ్డది. నేను శాంతవ్వకు కబురంపిన. చేతులకంటిన పసుపు కడుగకుండనే ఉరికొచ్చింది. లోపలికి తీస్కపోయి తలుపేసింది. ఏం మాట్లాడిండ్రో, నేను చెవులు రిక్కిచ్చి కూసున్న, ఒక్క ముక్క ఇనవడలే. మాపటీలి శాంతవ్వ బయటికొచ్చి, "చిన్నమ్మా, దీని మొగని నౌకరి గూడ సికింద్రబాద్లనే, పొద్దుగాల ఆడికి పోవాలె. నాకు హిందీ రాదు. ఒక్కదాన్ని ఏం మాట్లాడుత? నువ్వొస్తవా?" అన్నది. నాకు మాత్రం ఏడొస్తది హిందీ? మా ఆయన జన్మల నన్ను కామారెడ్డి దాటనియ్యలే.

పోయినం. మొదటి బస్సుకే పోయినం. గేటు కాడ వాడు బందూకు అడ్డంబెట్టి ఏందో ఏందో అంటున్నడు, శాంతవ్వ నా మొకం చూస్తున్నది, గా పిల్ల పసిగుడ్డును కప్పుకుంట నా ఎనక నక్కింది. నేను కొంగు నడుముకు చెక్కి, "పెద్ద సాబుతోని పనుంది, పిలువు" అన్న. తెలుగులనే. గట్టిగ.

అగో, నల్లొచ్చింది బిడ్డా. నీ బిందె పట్టుకరా, ఉరుకు.