పచ్చ నూలు చుట్టిన మోకు

హలో… ఆ, నేనే చిన్నాయినా. సంగీతను.

…కోరుట్లలనే ఉన్న. కాటమయ్య గుడి కాడ. మహిపాల్ అప్పుడే చెప్పిండా? నీ కొడుకు కడుపుల మాట ఆగదులే.

…ఆ. నీ మోకు నేనే తీసిన. పూజకు పెట్టిన వరుసలకెళ్లి, అందరి ముంగట్నే తీసిన.

…ఎరికే. చెట్టెక్కే తాడు ఆడోళ్లు ముట్టద్దు. చిన్నప్పటిసంది గదే మాట ఇంటున్న.

…అరవకు. బీపీ ఉన్నది నీకు. కూసోని మాట్లాడు.

…ఎందుకంటె… చెట్లెక్కుతందుకు సర్కారోళ్లు కొత్త కిట్లు ఇచ్చిన్రు గదా, పాత మోకులకు ఇగ ఆఖరు పూజ అని అందరు తెచ్చి పెట్టిన్రు. మహిపాల్ నీది భుజానికేసుకొని పెండ్లికొడుకు లెక్క వచ్చిండు. 'మా నాయిన ఎక్కిన మోకు' అని ఎదురైనోళ్లకల్ల చూపిచ్చిండు. పసుపు రాస్తుంటె, దాని మీద చుట్టిన సైకిల్ ట్యూబు పెళ్లలు పెళ్లలు ఊడింది.

…ట్యూబే. నువ్వు చుట్టిందే.

…దాని కింద ఏమున్నదో నేను చెప్పాల్నా, నువ్వు చెప్తవా?

…పచ్చ నూలు.

…ఏ నూలంటవేంది. సిరిసిల్ల నూలు. మా అమ్మ పుట్టింట్ల నేత సాంచెలకు నూలు కండెలు చుట్టేది గదా. మోకు ఒరుసుకపోయి నాయిన నడుముకు పుండ్లయితుంటె, గా నూలు తెచ్చి చుట్టింది. నేను పక్కన కూసోని దారం అందిచ్చిన.

…చిన్నదాన్నే. అయినా యాదికుంటది. అమ్మకైతె చూసుడే అవసరం పడలే. కండ్లు మసకలు గదా, రోడ్డు మీదికి తీస్కపోయి చేతిల పెట్టిన. తడిమింది. ముడి కాడికి పోంగనే ఏలు ఆగింది. 'ఇది మీ నాయినది' అన్నది. గంతే.

…ఎట్లయితదంటె, అదే నేను అడుగుతున్న. మీ అన్న నర్సయ్య మోకు తెగి తాడిచెట్టు మీదికెళ్లి పడ్డడు. పడి సచ్చినోని మోకు ఎవలు ముట్టరు. కట్టె తోని లేపి చితి మీద ఏసిన్రు. ఊరంత చూసింది. మరి గా చితి మీద కాలింది ఎవలది?

…ఇచ్చిండా? నాయిన నీకు ఇచ్చిండా?

…ప్రాణం దాని మీద పెట్టి ఎక్కుతరు. 'చెట్టెక్కెటోడు పెండ్లాన్నన్న ఇడుస్తడు గని మోకు ఇంకోనికియ్యడు' — ఎవలన్న మాట ఇది? నాలుగు సీసాలు తాగితె నువ్వే అనేటోనివి.

…అచ్చా, ఇయ్యలేదా. మల్లెట్ల? ఆలోచించుకోని ఒక్కటే చెప్పు.

…ఏమన్నవ్? గట్టిగ చెప్పు, ఇక్కడ లొల్లున్నది.

…రెండు మోకులు చెట్టు మొదట్ల పక్కపక్కన ఉండె… ఊఁ… నాయిన తొందరల నీది కట్టుకున్నడు. నువ్వు చూస్తుండంగనే ఎక్కిండు… నీది పాతది, తెగింది. నాయినది నీ కాడ మిగిలింది.

…నమ్ముతున్న. మోకులు మారినయన్నది నిజమే.

…గని చిన్నాయినా, నువ్వు గా దినం ధర్మపురిల ఉంటివి గదా. గోదాట్ల తానం చేసి, బస్సు దిగంగనే ఎవలో చెప్పిన్రు, చెప్పులు ఇడిసి ఉరికొచ్చినవ్. ఎంతమందికి చెప్పినవ్ గీ కథ. నా పెండ్లిల గూడ చెప్పి ఏడిస్తివి. ధర్మపురిల ఉన్నోనికి నాయిన ఎక్కుడు ఎట్ల కనవడ్డది?

…దగ్గకు. మంచినీళ్లు తాగు. నేను ఆగుత.

…ఎప్పటిదో అయితె? ఎప్పటిదో అయితె వాసన పోతదా?

…దేనికి పంచాది? …మందు. కల్లుల మత్తు మందు కలుపుతున్నవని గీత సంఘంల చెప్త అన్నడు నాయిన. గందుకా?

…ఒక్కటే దెబ్బ. రాయి తోని. ఒక్కటే అని నాకు చెప్పుడేంది, తక్కువ ఏసినవని దండం పెట్టాల్నా?

…అటెన్క చెట్టు మీదికెళ్లి పడ్డట్టు కనవడాలెనని మోకు కోసి పక్కన పడేసినవ్. గాభరల నీదే కోసుకున్నవ్… ఇల్లు చేరినంక ఎరికయింది… అప్పటికే జనం చేరిన్రు, ఇగ ముట్టేటట్టు లేదు. తెల్లారి మోకు లేకుంట పోతె అడుగుతరు. గందుకే నూలు కనవడకుంట ట్యూబు చుట్టి, మా నాయిన మోకు నడుముకు కట్టుకొని చెట్లెక్కినవ్. దాని మీదనే ఆనుకొని కల్లు గీసినవ్, మాకు ముంజెలు పంపినవ్. నేను తిన్న గవి. థూ.

…బిడ్డా అనకు. గా మాట నీ నోట్లకెళ్లి రావద్దు.

…కొట్టుడు కోపంల కొట్టినవనుకుంట. మరి 'బయటున్న ఆడిది మోకు ముట్టింది, గందుకే తెగింది' అని సంఘం ముంగట అన్నదెవలు? కోపంల అన్నవా అది? శవం చల్లగ కాకముందే, నిమ్మలంగ అన్నవ్.

…ముట్టింది. ముట్టి నూలు చుట్టింది. దానికి శిక్ష ఏందో ఎరికేనా నీకు? అమ్మ నమ్మింది. మొగన్ని నా చేత్తోనే చంపుకున్న అనుకొని, నన్ను ఎంటేసుకొని సిరిసిల్లకు పోయి కండెలు చుట్టుకుంట బతికింది. గీ గుడి మెట్టు ఎక్కనియ్యలే. పండుగ పండుగకు బస్సెక్కి వచ్చి, రోడ్డు మీదనే మొక్కి పోతది. పొద్దున గూడ గట్లనే నిలవడ్డది. నువ్వు పంపిన చీర కట్టుకొని. 'మా మరిది దేవుడు' అనుకుంట.

…ఇంటి మాట ఇంట్లనా?

…ఫోను స్పీకర్ల ఉన్నది. నువ్వు చేసినప్పటిసంది.

…అందరం రోడ్డు మీద అమ్మ కాడనే ఉన్నం. సంఘం పెద్దమనుషులు. మన వాడకట్టు గౌరవ్వ. నా పక్కన ఎస్సై సారు. మోకొక్కటే ఉంటె కేసు నిలవడది, మనిషి నోట్లకెళ్లి రావాలె అన్నడు. నీకు ఫోను నేనే చేద్దామనుకుంటున్న, నువ్వే చేసినవ్.

…మహిపాల్ గూడ ఇన్నడు. కింద కూసున్నడు, చేతులకు పసుపున్నది… ఏ మహిపాల్, మీ నాయిన… తల ఊపుతున్నడు. మాట్లాడడట.

…తలుపు కొడుతున్నరా? తియ్యి. మీ జగిత్యాల పోలీసులే. ఎస్సై సారు ఇందాకనే చెప్పి పెట్టిండు.

…అమ్మకియ్యాల్నా? ఎందుకు, మాఫీ అడుగుతవా? గదొక్కటి తక్కువున్నది… ఆగు. అమ్మా, ఫోను… అమ్మా?

…ఇక్కడ లేదు. రోడ్డు దిగింది. మెట్ల కాడికి పోయింది.

…ఎక్కుతున్నది. ఎవలు ఏమంటలేరు. అప్పుడు ఎల్లగొట్టిన పెద్దమనిషే పక్కకు జరిగిండు. గౌరవ్వ చెయ్యి అందిస్తె ఇడిపిచ్చుకున్నది. ఒక్కతే ఎక్కుతున్నది.

…నువ్వు తలుపు తియ్యి.

…నాకు పనున్నది. లోపలికెళ్లి చెయ్యి చాపుతున్నది, నాయిన మోకు తెమ్మంటున్నది. పెడుతున్న.