పళ్ళెంలో నీళ్ళు

నర్సరీ వెనక షెడ్డు. అందులోనే ఉంటూ నర్సరీ నడిపే అక్క, ఆవిడ దగ్గర నాలుగేళ్ళుగా మొక్కలు కొంటున్న టీచరు.

"ఈ పళ్ళేలేంటక్కా?"

"ఏవీ? అవా... నువ్వెప్పుడొచ్చావ్ లోపలికి? కూర్చో, టీ పెడతా."

"టీ వద్దు. ప్రతి కుండీ కిందా పళ్ళెం, పళ్ళెంలో నీళ్ళు. పైన ఆకు మీద చుక్క లేదు."

"ఎండలు కదా, అందుకని..."

"షెడ్డులో ఎండేంటి? అన్నీ వయొలెట్ పూలమొక్కలే. నాకిచ్చిన రకమే."

"నీళ్ళు కింద పెడితే వేళ్ళు కావలసినంత పీల్చుకుంటాయి. అరగంటాగి మిగిలినవి పారబోస్తా. అంతే."

"మరి నాకేం చెప్పావ్?"

"ఏం చెప్పాను?"

"రోజూ పొద్దున్నే పైనుంచి, ఆకులు తడిసేలా పొయ్యమన్నావ్. పోశాను. మచ్చలొచ్చాయి, కుళ్ళాయి, చచ్చాయి. పదకొండక్కా!"

"కొన్ని ఇళ్ళల్లో అంతే, గాలి సరిపోక..."

"గాలా? నా చెయ్యి మంచిది కాదన్నావ్. నువ్వే అన్నావ్! పక్కింటావిడ గులాబీ నాటమంటే, నా చెయ్యి వద్దండీ అని తప్పుకున్నాను."

"మొదటిదానికి నాకూ తెలీదు, ఒట్టు. తర్వాత తెలిసింది."

"తర్వాత ఎప్పుడు? మా అమ్మ పోయాక ఆవిడ పెంచిన వయొలెట్ తెచ్చి నీకు చూపించానే, అప్పటికా?"

"ఉండు, టీ పెడతా."

"అప్పటికా, అక్కా?"

"అప్పటికి తెలుసు."

"తెలిసే పైనుంచి పొయ్యమన్నావా?"

"మాట మారిస్తే దొరికిపోతానుగా."

"అమ్మ మొక్క అది! నా చేతులతో చంపించావ్. ఎందుకు? ఇంకోటి అమ్ముకోవడానికా?"

"ఐదో మొక్క నుంచీ నీ దగ్గర పైసా తీసుకున్నానా?"

"మరెందుకు?"

"మొదటిది చచ్చిపోయిన రోజు ఏడుపు మొహంతో వచ్చావ్. ఆ స్టూలు మీద సాయంత్రం దాకా కూర్చుని మీ స్కూలు కబుర్లన్నీ చెప్పావ్. వెళ్తూ వెళ్తూ అక్కా అన్నావ్. ఇక్కడికొచ్చేవాళ్ళంతా మొక్క పట్టుకుని పోయేవాళ్ళే. అది బతికుంటే నువ్వు మళ్ళీ ఎందుకొస్తావ్? తిట్టు. ఏదో ఒకటి అను. కావాలంటే ఈ కుండీలన్నీ పట్టుకుపో."

"ఇవాళ మొక్క కోసం రాలేదు."

"మరి?"

"మా మేడ మీద వాటా ఖాళీ అయింది. ఒక్కదానివీ ఈ షెడ్డులో ఎన్నాళ్ళుంటావని, నిన్ను తీసుకెళ్దామని తాళంచెవి పట్టుకొచ్చాను."