నాళాల లోపలి పచ్చిక: హ్యూబ్ ఫ్రాన్సెన్ గారి ముప్పై తొమ్మిదేళ్లు

1986 సెప్టెంబరు ఒకటో తేదీ సోమవారం, మాస్ నది మీది పొగమంచు విడవకముందే, శ్రీ హ్యూబ్ ఫ్రాన్సెన్ గారు మాస్ట్రిక్ట్‌లోని మన రక్తనాళ పరిశోధనశాలలో సూక్ష్మదర్శిని సహాయకులుగా చేరారు. ఆ రోజుల్లో చాలా గ్రంథాలలో నాళపు లోగోడను నున్నగా, బోసిగా చిత్రించేవారట. కడిగి ఆరబెట్టడంలోనే దాని మీది సున్నితమైన పూత పోతుందని తెలిసిన కొద్దిమందిలో ఒకరై, దానిని చెదరకుండా నిలిపే నేర్పును ఆయన పదేళ్ల ఓర్పుతో సాధించారు.

1998లో నేను గాజుసామాను కడిగే పనిలో చేరాను. తొమ్మిదేళ్ల మా అమ్మాయి ఎల్కేకు మూత్రపిండాల్లో మచ్చలు కడుతున్నాయని వైద్యులు చెప్పిన ఏడాది అది. ఫోను మోగితే చాలు, ఆసుపత్రి నుంచేనని పరుగెత్తేదాన్ని. రెండో వారంలోనే ఒక పళ్లెంలో నాళపు ముక్క మీది జిగురును మురికనుకొని కుళాయి కింద కడిగేశాను. అది ఆయన నాలుగు వారాల శ్రమ.

"నా ఉద్యోగం పోయినట్టేనా అండీ?"

"పోతే ఈ గిన్నెలెవరు కడుగుతారు, నేనా? ఏడుపాపి ఇటు రా నెల్లీ. ఇదిగో, నువ్వు కడిగింది. ఇది నీ చేతికి చిక్కకుండా బతికిపోయింది."

సూక్ష్మదర్శినిలో చూస్తే మొదటిది వట్టి నాళపు గోడ. రెండోదానిలో ఆ పూత తెల్లని పచ్చికలా, ఏటి అడుగున ఊగి ఊగి కలలో నిలిచిపోయినట్టుగా ఉంది.

"ఇది పలచబడితే ఏమవుతుందండీ?"

"నెత్తురు గోడను ఒరుసుకుంటుంది. నీరు బయటికి ఊరి, చుట్టూ వాచి, మచ్చ కట్టి బిగుసుకుపోతుంది."

"మా పిల్ల మూత్రపిండాల్లో మచ్చలన్నారండీ. దానికి ఈ పచ్చిక ఉందా?"

"కొంత పోయుంటుంది. ఎంతో నాకు తెలీదు. మళ్లీ మొలుస్తుందా అని చూడ్డమే మా పని. నీకు తియ్యటి అబద్ధం చెప్పను."

ఎందరు ధైర్యం చెప్పినా కుదుటపడని నా మనసు ఆ మాటకు ఎందుకో నెమ్మదించింది.

తదనంతరం 2007లో విభాగ బాధ్యతలు స్వీకరించి, ఎందరో యువ పరిశోధకులకు చూడటం నేర్పిన ఆయన, ఎల్కే వైద్య నివేదికలను మాత్రం నా పక్కన కూర్చొని వరుస వరుసా చదివేవారు. మొన్న మార్చిలో కాగితం మడిచి, "ఈసారికి మచ్చ పెరగలేదు. పో, పోయి ఇంత చెర్రీ ఫ్లాయ్ కేకు తిను" అన్నారు.

ఆగస్టు ముప్పై ఒకటిన పదవీ విరమణ చేస్తున్న ఆయన నాళాలలో ఆ పచ్చిక దట్టంగా, మెత్తగా నిలవాలి. తడి ఆకుల మీద సైకిలు జారకుండా, చలిగాలి తగలకుండా, శ్రీమతి మార్లీస్ గారితో ఆయన నిండు నూరేళ్లు జీవించాలి. అక్టోబరులో ఎల్కేకు మళ్లీ పరీక్ష. ఆ కాగితం పట్టుకొని వారి ఇంటికే వస్తాను. తలుపు ఆయనే తీయాలి.