పదకొండులో ఆరు నలుపు

మధ్యాహ్నం సెలూన్‌లో బేరాల్లేవు. కోళ్ళు పెంచే బావ కుర్చీలో కూర్చున్నాడు. సెలూన్ నడిపే బావమరిది కత్తెర తుడుస్తున్నాడు.

“ఆరా?”

“ఆరు. పదకొండు పిల్లల్లో ఆరు బొగ్గుముక్కల్లా ఉన్నాయి.”

“పోనీలే బావా, నలుపూ రంగే. గడ్డం చెయ్యనా?”

“ముందు విను. రంగుని పలచన చేసే జీన్ ఒకటుంటే కోడి నీలం. రెండుంటే తెలుపు, మీద మచ్చలు. ఒక్కటీ లేకపోతే నలుపు.”

“పోయినసారి గడ్డం చేస్తుంటే చెప్పావుగా.”

“మళ్ళీ చెప్తున్నా. నా మచ్చల పుంజుకి రెండున్నాయి. ప్రతి పిల్లకీ ఒకటి ఇచ్చి తీరాలి. దానికి నల్లపిల్ల పుట్టదు.”

“పెట్ట పక్కచూపులు చూసిందేమో.”

“నేను ఊరినుంచి వచ్చిన రోజే రెంటినీ ఒకే గూట్లో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా జేబులోనే ఉంది.”

“ఓహో.”

“రేపు పదింటికి కోళ్ళ క్లబ్బువాళ్ళొస్తున్నారు. పుంజుని చూసి, బాగుంటే ఈ రకాన్ని నా పేరున రాస్తారు. పన్నెండేళ్ళ పని. నేను ఊళ్ళో లేని మూడు వారాలూ పుంజు నీ దగ్గరుంది.”

“బాగానే తినింది బావా.”

“ఎన్ని రోజులు?”

“అదే, బాగానే…”

“ఎన్ని రోజులు తినింది?”

“నాలుగు.”

“ఐదో రోజు?”

“కుక్క.”

“ఊఁ.”

“నీకు మొహం ఎలా చూపించను చెప్పు? సంతలో అదే జాతి నల్లపుంజు దొరికింది. అదే ఒడ్డూ పొడుగూ. బ్లీచ్ పెట్టాను. మూడు తడవలు. నీ పుంజు ఫోటో ఎదురుగా పెట్టుకుని మరీ మచ్చలు వదిలాను.”

“ఎడమ రెక్క మీద ఐదుండాలి. ఏడు వదిలావు.”

“అంటే నీకు అప్పుడే తెలుసా?”

“రాగానే లెక్కపెట్టాను. ఈకలు రాలి కొత్తవి వచ్చాయేమో అనుకున్నాను. నల్లపిల్లలు పుట్టాక అనుకోవడం మానేశాను.”

“తప్పు నాదే బావా. రేపు క్లబ్బువాళ్ళ ముందు నేనే ఒప్పుకుంటాను. మనుషులు అబద్ధమాడతారు గానీ రంగు అబద్ధమాడదని ఊరంతా చెప్పుకుంటూ తిరిగే మనిషివి నువ్వు.”

“తిరుగుతాను.”

“మరి ఇప్పుడెలా?”

“మెడ దగ్గర కొత్త ఈకలు నల్లగా బయటపడుతున్నాయి. టచప్‌కి ఎంతసేపు పడుతుంది?”