తప్పనిసరి గడి

ఆస్పత్రిలో రోగుల వివరాల కోసం పెట్టబోయే నమోదు మిషన్‌ను వాడి చూడమంటే వచ్చిన పెద్దాయన తెర మీద అయిదో గడి దగ్గర ఆగిపోయాడు. ఆ తెరను రూపొందించిన అమ్మాయి, పరీక్షించేటప్పుడు సాయం చెయ్యకూడదన్న నియమం ప్రకారం, నోటుబుక్కుతో పక్కనే కూర్చుంది.

"ఎందుకాగారో పైకి చెప్పండి సార్."

"'అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలి?' అంటోందమ్మా."

"అక్షరాలు చిన్నగా ఉన్నాయా?"

నెల రోజులుగా ఆమె బుర్ర బద్దలుకొట్టుకున్నది అక్షరాల గురించే.

"భేషుగ్గా ఉన్నాయి. రాయడానికే ఎవరూ లేరు. వదిలేస్తే ముందుకు పోనివ్వట్లేదు."

"అది తప్పనిసరి సార్."

"ఒంటిగా ఉండేవాళ్ళకి జబ్బులు రావనుకున్నారా?"

ఆమె నోటుబుక్కులో 'తప్పనిసరి' అని రాసి, కింద గీత గీసింది.

"నువ్వు నింపి చూసుకునే ఉంటావుగా తల్లీ. నిన్ను ఆపలేదా?"

"లేదు సార్," అంది. "అక్కడ నా నంబరే రాసుకున్నాను."