పెట్టెలోకి, పొయ్యిలోకి

పద్దెనిమిది వందల ఇరవై నాలుగు, అక్టోబరు. హడ్సన్ నది ఒడ్డున వాన్ హెల్డర్ వారి రాతి ఇంట్లో, పొద్దున పదింటి వేళ, పోయిన జనరల్ గారి కాగితాలు బల్లనిండా పరుచుకుని ముగ్గురాడవాళ్ళు కూర్చున్నారు: ఆయన భార్యా, చూపు పోయిన పెద్దావిడా అయిన కాతలీనా, కాగితాలు చదివిపెట్టే మేనకోడలు యానెకె, పొయ్యి దగ్గర బానిస సూకీ.

"ఆ ముక్క కత్తిరించెయ్యి."

"ఉత్తరం నడిమధ్యలో ఉందత్తా. కత్తిరిస్తే కిటికీ పెట్టినట్టుంటుంది."

"ఉండనీ. ఎక్కడినుంచి ఎక్కడిదాకానో ఇంకోసారి చదువు."

"'తుపాకులు మోగగానే నేను గుమ్మడికాయల బండి కిందికి దూరి, సాయంత్రందాకా అక్కడే...'"

"చాలు. ఆ తర్వాత?"

"'పొద్దుగూకే వేళకి శత్రువు వెనక్కి తగ్గాడు.'"

"అది ఉంచు. శత్రువు తగ్గడం పెట్టెలోకి, బండి కింద దూరడం పొయ్యిలోకి. పట్నంలో చరిత్ర సంఘం వాళ్ళు అడిగింది జనరల్ వాన్ హెల్డర్ గారి కాగితాలు. గుమ్మడికాయలవి కాదు. ఒసే సూకీ, నవ్వుతున్నావా?"

"లేదమ్మగారూ. పొగకి దగ్గొచ్చింది."

"నా కళ్ళు పోయాయిగానీ చెవులు ఎక్కడికీ పోలేదు. ఇదిగో, ఈ ముక్క పొయ్యిలో వెయ్యి."

"ఒక్కసారి చూసి వేస్తానమ్మగారూ."

"చూసి ఏం చేస్తావే? నీకు చదువొచ్చా?"

"రాదమ్మగారూ. చిల్లుందేమో చూస్తాను."

"పొద్దుటినుంచీ ఇదే వరసత్తా. ప్రతి కాగితాన్నీ వెలుతురుకి పట్టి చూస్తోంది. చీటీముక్కని కూడా వదలడంలేదు."

"చూడనీ. ఆ చిల్లు కథేమిటో యానెకెకి చెప్పు సూకీ. మొన్న వేసవిలో వచ్చిన మనిషి, దానికేం తెలుసు."

"మీకు చిరాకేమోనమ్మగారూ."

"చెప్పమన్నానుగా."

"మా డైనా పుట్టిన నాలుగోరోజు చిన్నమ్మగారూ. జనరల్ గారు ఈ బల్ల దగ్గరే కూచుని రెండు కాగితాలు రాశారు. ఒకటి ఊరి గుమాస్తాకి, ఒకటి ఇంట్లో ఉంచుకోడానికి. రాస్తుంటే నోట్లో ఉన్న మట్టి పైపులోంచి రవ్వ రాలి, ఇంటి కాగితానికి చిల్లు పడింది. నేను పిల్లనెత్తుకుని అదిగో ఆ గుమ్మంలో నించున్నాను. 'సూకీ, ఈ చిల్లు గుర్తుంచుకో, చదువు రాకపోయినా నీ కాగితం నువ్వు పోల్చుకోవచ్చు' అన్నారు."

"మరి గుమాస్తా దగ్గరున్నది?"

"వరదొచ్చిన ఏడు ఆయన పుస్తకం నానిపోయింది. మూడేళ్ళ పేర్లు ముద్దయిపోయాయి చిన్నమ్మగారూ. ఇంక ఉన్నదల్లా ఈ చిల్లుకాగితమే."

"అదుంటే?"

"పదిహేడువందల తొంభై తొమ్మిది జూలై నాలుగు దాటాక పుట్టిన ఆడపిల్లకి ఇరవై అయిదేళ్ళు నిండగానే విడుదల. అది చట్టం. దాటకముందు పుడితే మాత్రం నాలాగే. మా డైనా యాపిల్ రసం పిండే రోజుల్లో పుట్టింది. వచ్చే మంగళవారానికి ఇరవై అయిదూ నిండుతాయి."

"ఏప్రిల్లో పుట్టింది."

"అమ్మగారూ, వాకిట్లో యాపిల్ గానుగ తిరుగుతుంటేనే నాకు నొప్పులు..."

"ఏప్రిల్లో పుట్టిందన్నాను. నీ మాటా నా మాటా రెండూ వింటే న్యాయాధికారి ఏది రాసుకుంటాడు?"

"మీదేనమ్మగారూ."

"మరి?"

"అందుకే వెతుక్కుంటున్నాను."

"వెతుక్కో. చదువు యానెకే. చేతులు ముడుచుక్కూచోకు."

"మీ చెల్లెలి ఉత్తరమత్తా. 'అక్కా, పట్నంలో పచ్చజ్వరం వీధివీధికీ పాకింది. పిల్లలు ముగ్గురూ మంచం పట్టారు. నువ్వొక్కసారి వస్తే...'"

"ఎప్పటిది?"

"తొంభై ఎనిమిది, సెప్టెంబరు."

"పొయ్యిలోకి."

"మీరు వెళ్ళారా అత్తా?"

"అప్పుడే పరదాలు కుట్టిస్తున్నాం."

"పిల్లలు?"

"పోయారు. తర్వాతిది తియ్యి. సూకీ, దాన్ని కూడా వెలుతురుకి పట్టాలా?"

"చూశానమ్మగారూ. చిల్లు లేదు. వేసేశాను."

"కిటికీ దగ్గరికెళ్ళి చూడు. రేవులో పడవ కదిలిందా?"

"లేదమ్మగారూ. ఇంకా పోటు మీదే ఉంది నీరు. ఆటు మొదలవలేదు. తెరచాప తాళ్ళు విప్పుతున్నట్టున్నారు. ఇంత దూరానికి మనుషులు చీమల్లా ఉన్నారు."

"సూకీ."

"చెప్పండి చిన్నమ్మగారూ."

"డైనా వెళ్ళి ఎంతసేపయింది?"

"తెల్లారగానే వెళ్ళింది. మొదటి పెట్టె బండిమీద వేసుకుని, పడవ ఎక్కించి, కెప్టెన్ చేతికి అప్పగించి రమ్మన్నారు అమ్మగారు. చలిగా ఉందని నేనే శాలువా ముడేసి పంపాను."

"ఇంకా రాలేదుగా. నువ్వొకసారి వెళ్ళి చూసిరారాదూ?"

"వస్తుంది లెండి. దారిలో మిల్లు దగ్గర ఆగుంటుంది. అక్కడ పీపాలు కట్టే పాంపీ ఉన్నాడు కదా, ఇద్దరూ కలిస్తే పొద్దు తెలీదు."

"అయినా వెళ్ళు. ఎండ బాగుంది. అరగంట నడక."

"వెళ్ళవే సూకీ. నేనేం ఆపనుగా. నువ్వొచ్చేదాకా పొయ్యి సంగతి యానెకే చూసుకుంటుంది."

"కాగితాలు ఆపుతారామ్మగారూ?"

"ఎందుకాపడం? రెండో పెట్టె సర్దద్దూ?"

"అయితే నేను కదలనమ్మగారూ. ఆ కాగితం బయటపడేదాకా ఈ పీట దిగను."

"విన్నావా యానెకే? నీ దయ ఎవరికీ అక్కర్లేదట. మీ ఆయన పోయాక చేతిసంచితో నా గుమ్మంలోకి వచ్చినరోజు నేనూ ఇలాగే దయ చూపించాను. ఆ సంచి ఇంకా మెట్లకిందే ఉంది. ఎప్పుడైనా దుమ్ము దులుపుకోవచ్చు."

"నేనేమన్నానత్తా ఇప్పుడు."

"ఏమీ అనలేదు. చదువు."

"ఇది ఓడ కెప్టెన్ రాసింది. ఈ కెప్టెనేనా?"

"వాళ్ళ నాన్న. పొయ్యిలోకి. ఈ కెప్టెన్ ఇంకా తెలివైనవాడు. పట్నందాకా ఈ పడవ, అక్కడినుంచి వేరే ఓడ, దక్షిణాదికి, పత్తికోసం. వెళ్ళేటప్పుడు ఖాళీగా వెళ్ళడు."

"సూకీ, నా మాట విను. నేనీ కట్ట ముట్టుకోను. నువ్వొచ్చేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంటాను. వెళ్ళిరా."

"మీరు మంచివారు చిన్నమ్మగారూ. కానీ ఆవిడ చదవమంటే మీరు చదవకుండా ఉండలేరు కదా."

"భలే చెప్పిందే. పాతికేళ్ళనుంచి ఇంత సూటిమాట దీని నోట వినలేదు. సూకీ, నిన్నొకటి అడగనా?"

"అడగండమ్మగారూ."

"నాకు కనపడక ఆరేళ్ళయింది. అయినా నీ కూతురు మెట్లెక్కుతుంటే గభాల్న లేచి కూచుంటాను. మడమ గట్టిగా వేసి, రెండోకాలు కొంచెం ఈడుస్తుంది. అచ్చం పోయినాయన పైకొస్తున్నట్టే ఉంటుంది. ఎందుకంటావు?"

"మెట్లు అలాంటివమ్మగారూ."

"మెట్లా?"

"పాతబడ్డాయి. ఎవరెక్కినా అలాగే మోగుతాయి."

"నువ్వెక్కితే మోగవే."

"నేను వెనక మెట్లెక్కుతానమ్మగారూ."

"అవును. నువ్వెప్పుడూ వెనక మెట్లే. యానెకే, ఏమిటి ఆగిపోయావు?"

"ఏం లేదత్తా. ఇదేదో వంట సంగతి. క్యాబేజీ ఊరబెట్టే పద్ధతి. పక్కన పెడుతున్నాను."

"చిన్నమ్మగారూ."

"క్యాబేజీయే సూకీ."

"ఒక్కసారి వెలుతురుకి పట్టండి."

"తర్వాత చూద్దాంలే. నువ్వు ముందు ఆ కట్టెలు..."

"చిల్లుంది. చిన్నమ్మగారూ, నాకిక్కడికి కనపడుతోంది. మూల దగ్గర, చుట్టూ గోధుమరంగు. అదే. అది నాదే."

"యానెకే, క్యాబేజీకి చిల్లెందుకు పడిందే?"

"అత్తా, ఈపూటకి ఆపేద్దాం."

"చదువు."

"'పట్టణ గుమాస్తా గారికి. నా దగ్గరున్న సూకీ అను నల్ల ఆడమనిషి పదిహేడువందల తొంభై తొమ్మిది, అక్టోబరు పన్నెండున ఆడపిల్లను కన్నది. పిల్ల పేరు డైనా. చట్టప్రకారం నమోదు చేయగలరు. హెండ్రిక్ వాన్ హెల్డర్.'"

"పన్నెండు. అక్టోబరు పన్నెండు. విన్నారా అమ్మగారూ, నేను చెప్పలా..."

"సంతకం ఆయనదేనా?"

"కింద ఆ మెలిక ఉందత్తా. అన్నిట్లోలాగే."

"దాని చేతికియ్యి. సూకీ, పట్టుకున్నావా?"

"పట్టుకున్నానమ్మగారూ."

"పొయ్యి దగ్గరికి వెళ్ళు."

"అమ్మగారూ."

"వెళ్ళావా? నోటితో చెప్పు, నాకు కనపడదు."

"వెళ్ళానమ్మగారూ."

"సెగ తగులుతోందా?"

"తగులుతోంది. అమ్మగారూ, మీ ఆబ్రామ్ బాబుకి నా పాలిచ్చాను. నా పెద్దవాడు ఆకలికేడుస్తుంటే పక్కనపెట్టి మీ బాబుకిచ్చాను. ఇన్నేళ్ళలో మిమ్మల్ని ఏమీ అడగలేదు. నన్ను చచ్చేదాకా ఉంచుకోండి, నేను పోను ఎక్కడికీ. ఇదొక్కటి."

"ఆ పాలమాట ఏడాదికోసారి వింటూనే ఉన్నాను."

"మోకాళ్ళమీదున్నానమ్మగారూ."

"చప్పుడు వినపడింది. అలాగే కిటికీదాకా వెళ్ళు. లేవకు. పడవ ఏమయింది?"

"అత్తా, దేవుడు చూస్తాడు."

"నువ్వు నోరుమూసుకో, దేవుడి సంగతి ఆదివారం చూద్దాం. సూకీ, ఏమయింది?"

"కదిలిందమ్మగారూ. ఆటు మొదలయింది."

"ఎక్కడుంది?"

"ఇసుకమేట పక్కనుంచి పోతోంది. గాలి నిండింది తెరచాపకి."

"దాటేదాకా చూడు. తొందరేం లేదు. కాగితం చేతిలోనే ఉందిగా?"

"ఉందమ్మగారూ."

"ఇప్పుడు?"

"దాటింది. మలుపు తిరుగుతోంది. తెరచాప కొస ఒకటే కనపడుతోంది. ఇప్పుడదీ లేదు."

"సరిగ్గా చూడు."

"నది ఖాళీగా ఉందమ్మగారూ."

"సరే. లే. కాగితం పెట్టెలో పెట్టు."

"పెట్టెలోకామ్మగారూ?"

"చెవుడొచ్చిందా? పెట్టెలోకే. ఆయన చేతిరాత. బానిసకి పిల్ల పుడితే కూడా మర్చిపోకుండా రాయించిన మనిషని పట్నంవాళ్ళు చూడద్దూ? వందేళ్ళ తర్వాత ఎవడో కళ్ళజోడు పెట్టుకుని చదివి, ఎంత ధర్మాత్ముడో అనుకుంటాడు."

"మంగళవారం న్యాయాధికారికి చూపించాలి కదమ్మగారూ."

"చూపించుకో. పెట్టె వచ్చే పడవదాకా ఇక్కడే ఉంటుంది."

"అమ్మగారూ. మీ చేతులిలా ఇవ్వండి. నేను మిమ్మల్ని లోపల్లోపల ఎన్ననుకున్నానో. ఇవాళ పొద్దున కూడా అనుకున్నాను. తప్పయిపోయింది."

"ఏమనుకున్నావు?"

"వద్దులెండి."

"చెప్పవే. వింటాను."

"రాతిమనిషి అనుకున్నాను."

"ఇప్పుడో?"

"మీరు చల్లగా ఉండాలి. మీ కొడుకులు, మనవలు చల్లగా ఉండాలి. డైనా రాగానే మీ కాళ్ళమీద పడేస్తాను. పాంపీ మిల్లు వెనకాల గది కూడా కట్టాడు, పైకప్పు ఒకటే తక్కువ. మంగళవారానికి దానికి నా బొంత ఇచ్చి పంపుతాను. తెల్ల నక్షత్రాలు కుట్టినది. చిన్నమ్మగారూ, మీరెందుకు ఏడుస్తున్నారు? నేను కదా ఏడవాల్సింది."

"పొగ సూకీ."

"యానెకెకి పొగ పడదు. ఇంకొక్క కాగితముంది, అదయిపోతే లేద్దాం. నీ ఏప్రన్ జేబులో ఉందిగా అమ్మాయ్. నిన్న సాయంత్రం నేను చెబుతుంటే నువ్వు రాసిందే. మన నకలు."

"అది నేను వేస్తానత్తా పొయ్యిలో. తర్వాత వేస్తాను."

"పొయ్యి పని సూకీది. దానికియ్యి."

"అత్తా, నా సంచి తెచ్చుకుని ఇప్పుడే వెళ్ళిపొమ్మనండి, వెళ్ళిపోతాను. కానీ ఇది మాత్రం..."

"వెళ్ళు మరి. లేవడంలేదే? అదీ సంగతి. ఇయ్యి దానికి."

"ఇవ్వండి చిన్నమ్మగారూ. అయ్యో, చేతులు ఎంత చల్లగా ఉన్నాయో. మీరు కూచోండి, నేను వేస్తాను. ఇక నాకు వెలుతురుకి పట్టి చూడాల్సిన పని కూడా లేదు."

"వేశావా?"

"వేశానమ్మగారూ."

"బాగా కాలనీ. కర్రతో తిరగెయ్యి."

"కాలిపోయింది. లక్కముద్ర ఒకటే ఇంకా బుడబుడమంటోంది. ఏం కాగితమమ్మగారూ అది, కొత్తగా ఉంది?"

"డైనాని కెప్టెన్‌కి అమ్మిన కాగితం. రేవుకి వెళ్ళిరమ్మని యానెకె నీకు రెండుసార్లు చెప్పింది, నువ్వే కదల్లేదు."