పిలిచి ఇచ్చే కార్డు

గజపతినగరం బజారులో అదొక చింతపండు, అపరాల హోల్‌సేల్ కొట్టు. బోర్డు మీద పేరు పార్వతీదేవి ట్రేడర్స్. పాతికేళ్లుగా గల్లాపెట్టె దగ్గర కూర్చునేది మాత్రం ఆమె మొగుడు ధర్మారావు. ఇవాళ మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక ఆయన పెళ్లాన్ని వెనక గదిలోకి పిలిచి, ఫోను ముందు కూర్చోబెట్టాడు.

“అలా కొంగు కప్పుకుని ముడుచుకోకు. బ్యాంకోల్లు వీడియోలో సూస్తారు. యజమానిలాగ ఉండాల.”

“యజమానిలాగంటే ఎలగుండాలండి?”

“నాలాగ.”

“మీలాగంటే కాలు మీద కాలేసుకుని పల్లు కుట్టుకోవాల.”

“ఎకసెక్కాలొద్దు. ఆ పిల్ల పేరు అనూరాధ. విశాఖపట్నం నుంచి మాటాడతాది. ఈ కార్డు మీకిష్టమేనా మేడమ్ అంటాది. ఇష్టమేనను. అంతే.”

“నాకెందుకండీ ఇస్తన్నారు? నేనెప్పుడేనా కార్డు గీకేనా?”

“కొట్టు నీ పేరునున్నాది కదేటి. పన్ను కలిసొస్తాదని నేనే పెట్టేను. సరుకు డబ్బులన్నీ నీ పేరున్న పాత కార్డు మీదే కడతన్నాను. మీ తమ్ముడి ఫ్రిజ్జు, మా బావ పోతురాజు మోటారు సైకిలు కూడా దాని మీదే గీకి, ఆల్ల దగ్గర రొక్కం తీసుకున్నాను. అదంతా సూసి, ఈవిడెవరో మహారాణి అనుకున్నారు బ్యాంకోల్లు.”

“అనుకోనీండి. నాకొద్దు.”

“ఇది అడిగితే ఇచ్చే కార్డు కాదే. ఆల్లే పిలిచి ఇయ్యాల. విజయనగరం మొత్తమ్మీద పట్టుమని పదిమందికి ఉండదు.”

“దాంతో ఏటొస్తాది?”

“ఏర్‌పోర్టులో మెత్తటి కుర్చీల గది ఉంటాది. అందులో కూకుని టిఫినూ కాఫీ ఎంత లాగించినా ఉచితం.”

“మనం ఏర్‌పోర్టుకి ఎప్పుడెల్లేం?”

“భోగాపురంలో కట్టేరు కదా.”

“ఇడ్లీ తినడానికి భోగాపురం ఎల్లాల. ఇంకా?”

“గోల్ఫు.”

“అంటే?”

“కర్రతో బంతిని కొడతారు. దూరంగా బొరియ ఉంటాది, అందులో పడాల.”

“పడకపోతే?”

“నడుసుకుంటా ఎల్లి మళ్లీ కొడతారు. అది వదిలీ. పుట్టినరోజుకి ఇంటికి కేకు పంపుతారు.”

“నా పుట్టినరోజు ఎప్పుడో మీకు తెలుసేటి?”

“ఆధార్‌లో ఉన్నాది కదా, ఆల్లే సూసుకుంటారు. అసలు గొప్ప వేరే ఉన్నాది ఇను. మనకనీసి ఒక మనిషిని పెడతారు. పగలనక రేయనక ఏటి కావాలన్నా ఒక ఫోను సేస్తే సాలు, అన్నీ అమర్చి పెడతాడు.”

“పెళ్లయిన కాడ్నుంచీ నేను సేస్తన్నది అదే కదండీ. నాకు ఫోను కూడా అక్కర్లేదు, కేకేస్తే సాలు.”

“నీకన్నీ ఎటకారమే.”

“ఇదంతా ఊరికినే ఇస్తారా?”

“ఫీజుంటాది.”

“ఎంతేటి?”

“ఉంటాదిలే.”

“ఎంతండీ?”

“ఏడాదికి అరవై వేలు. పైన పన్ను.”

“ఇడ్లీకా?”

“ఇడ్లీకి కాదే. పరువుకి.”

“ఉన్న పరువు సాలదేటి?”

“సాలదు. మొన్న వర్తక సంఘంలో నోరు జారేను. బ్యాంకోల్లు నన్ను పిలిచి కార్డిస్తన్నారన్నాను. పోతురాజు బావ నవ్వీసేడు. సింతపండు బస్తాలోడికి గోల్ఫు కార్డేటి, సూపించు సూద్దాం అన్నాడు. సంఘం వార్షికోత్సవం నాడు స్టేజీ మీద సూపిస్తానని అందరి ముందూ మాటిచ్చీసేను. సన్మానానికి శాలువా కూడా కొనీసేరు.”

“కార్డు మీద నా పేరు కదా ఉంటాది. శాలువా నాకు కప్పుతారేటి?”

“అందుకే సెప్తన్నాను. ఇంటోల్లకి రెండో కార్డు ఇస్తారు. దాని మీద నా పేరుంటాది. ఆ పిల్ల అడిగినప్పుడు, మా ఆయనక్కూడా ఇయ్యమ్మా అను. నా పరువు నీ నోట్లో ఉన్నాది పారొతీ.”

“ఇన్నాళ్లకి నా నోటితో పని పడ్డాది మీకు.”

“అదిగో, మోగుతన్నాది. ఆ ఆకుపచ్చది నొక్కు. బేగి.”

“నమస్కారమండీ, పార్వతీదేవి గారేనా? బ్యాంకు నుంచి అనూరాధని. మీలాంటి ఖాతాదారుతో మాట్లాడటం మా అదృష్టం మేడమ్.”

“సల్లగుండమ్మా. భోంచేసేవా?”

“ఇంకా లేదండి. ఈ మాట ఎవరూ అడగరు మేడమ్.”

“ఒక సంగతి అడుగుతాను తల్లీ. ఈ కార్డు నాకు పనికొస్తాదేటి?”

“ఎయిర్‌పోర్టులో లాంజ్ ఉంటుంది మేడమ్, గోల్ఫ్ ఉంటుంది...”

“అవి మా ఇంట్లో సెప్పేరు. నువ్వైతే తీసుకుంటావా?”

“మాలాంటి వాళ్లని పిలవరండి.”

“పిలిస్తే?”

“మేడమ్, ఈ కాల్ రికార్డవుతుంది.”

“అర్థమయ్యిందమ్మా.”

“ఒసే, ఇష్టమేనను. ఇష్టమేనను.”

“మేడమ్, పక్కన మగ గొంతు వినిపిస్తోంది. ఎవరండీ?”

“నేనండి అనూరాధ గారూ, ధర్మారావుని. రోజూ మీ ఫోనెత్తే మేనేజర్ని.”

“మీరా, నమస్కారమండి. మేడమ్, ఎలాగూ ఆయన అక్కడే ఉన్నారు కాబట్టి ఒక సందేహం తీర్చుకుంటాను. మీ ఆడిటరు పంపిన లెక్కల్లో, మేనేజరు ధర్మారావు గారికి నెలనెలా జీతం అని ఉంది. మీ ఆధార్‌లో భర్త పేరు కూడా ధర్మారావే. ఇద్దరూ ఒకరేనా?”

“అదీ... ఎందుకమ్మా?”

“ఒకరే అయితే అలాగే నమోదు చేస్తాను, భర్త గారికి రెండో కార్డు వచ్చేస్తుంది. వేరే వ్యక్తి అయితే మాత్రం, ఉద్యోగులకి ఇవ్వం మేడమ్.”

“ఒక్క నిమిషం ఆగు తల్లీ.”

“ఆగు, ఆగు. మైకు కట్టీసేను. ఇప్పుడు ఆ పిల్లకి ఇనబడదు. మొహం మామూలుగా పెట్టు.”

“మొహం సంగతి సరే. ఒకరే అని సెప్పేస్తాను. మీ కార్డు మీకొస్తాది.”

“ఒద్దు. కొంప మునుగుతాది. పెళ్లాం మొగుడికి జీతమిస్తన్నాదని తేలితే, ఆ జీతమంతా నీ ఆదాయంలో కలిపీసి, ఇన్నేళ్ల పన్నూ వడ్డీతో గుంజుతారు. మొగుడని మాత్రం ఎక్కడా తెలీనియ్యొద్దని ఆడిటరు మురళీమోహన్ మొదట్లోనే సెప్పేడు.”

“మీకు నేను జీతమిస్తన్నానా?”

“కాగితం మీదేలే.”

“సంతకం ఎవరిది?”

“నీదే. నేను సూపించిన సోటల్లా పెట్టేవు కదా.”

“నాకొక్క మాట సెప్పలేదు.”

“సెప్తే నీకేటి తెలుస్తాది? ఇప్పుడు తగువులాడకు, ఆ పిల్ల సూస్తన్నాది.”

“మరి మీ సన్మానం?”

“ఆ రోజుకి జొరమనీసి దుప్పటి ముసుగెట్టుకుంటాను. పోతురాజు నవ్వితే నవ్వుతాడు. నవ్వుకి పన్నుండదు.”

“సరిగ్గా ఆలోసించుకోండి. మొగుడనా, జీతగాడనా? ఏదో ఒకటే. ఆ పిల్ల ఒకసారి రాసీసుకుంటే మళ్లీ మార్చదు.”

“జీతగాడనే సెప్పు.”

“పెళ్లయి పాతికేళ్లు అయ్యిందండి. నా నోటితో ఆ మాట అనడానికి మనసొప్పటం లేదు. నాకు ఏడుపొస్తన్నాది.”

“ఏడవకు, వీడియోలో కనబడతాది. కాపురం ఎక్కడికీ పోదు పారొతీ. పన్నాఫీసోడొస్తే కొట్టు పోతాది. జీతగాడనే సెప్పు. దండం పెడతాను.”

“నిజంగానే సెప్పమంటారా?”

“సెప్పమంటంటే నీకు కాదేటి.”

“మైకు తియ్యండి.”

“తీసేను. ఊఁ, మాటాడు.”

“అనూరాధమ్మా, ఉన్నావా? మా ఆయన వేరమ్మా. ఈరు మా కొట్లో జీతానికి పన్జేస్తన్నారు.”

“సరే మేడమ్, నమోదు చేశాను. మరి భర్త గారి పేరు మీద రెండో కార్డు? ఆయన కూడా ఇలాగే వీడియోలో కనిపించాలి.”

“ఆరికి ఇలాటివి పడవమ్మా. నా ఒక్కదానికీ పంపు.”

“అలాగే మేడమ్. ఇప్పుడు మీ పిన్ నంబరు పెట్టుకుందాం. పాత కార్డు ఆగిపోతుంది, ఇక నుంచి ఓటీపీలు, లెక్కలు అన్నీ మీ సొంత ఫోనుకే వస్తాయి. ఆ పిన్ మీకు తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. మీ ఉద్యోగిని కాసేపు బయటికి పంపిస్తారా?”

“ధర్మారావూ, బయటికెల్లి ఆ తలుపు దగ్గరగా ఎయ్యి.”